రెండో గెంతు

కనకాలపేట, యానాం
జూన్ మొదటివారం

పుదుచ్చేరిలో కూర్చుని యానాం మీద పెత్తనం చేసే మరదలు పద్మావతికి, బావ బుల్లబ్బాయి దీవించి రాసేది.

కవరు చూడగానే గుండె గుభేలుమని ఉంటుంది నీకు. ఎవరూ పోలేదు. అందరం నిక్షేపంలా ఉన్నాం. మీ అక్క సత్యవతి పొద్దున్నే చేపలమ్మితో పులసలు ఇంకా ఎందుకు రాలేదని తగువేసుకుంది. గోదారికి ఎర్రనీళ్ళు రాకుండా పులస ఎక్కడి నుంచి వస్తుందే అంటే, ఆ సంగతి గోదారితో కూడా తేల్చుకుంటానంది.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అడుగుతావు. ఫోన్లో మాట గాల్లో కలిసిపోతుంది పద్మా. కాగితం మీదయితే నాలుగు రోజులు నిలబడుతుంది. ఇకనుంచి నువ్వు కూడా ఉత్తరమే రాయి. నువ్వు పంపే వాయిస్ మెసేజీలు ఆపెయ్యి. ఒక్కోటి హరికథంత పొడుగుంటుంది, మధ్యలో మీ ఆయన తుమ్ములొకటి.

నీ మనవరాలు సాయిదివ్యకి సంబంధం కుదిరిందని మీ అక్క చెప్పింది. చాలా సంతోషం. అబ్బాయిది గోదారి అవతల మురమళ్ళట, పెళ్ళి మన యానాంలోనే చేస్తారట. మంచి పని. పిల్లని అత్తారింటికి పంపేటప్పుడు లాంచీ పాట గురించి నువ్వేమీ హైరానా పడకు. ఇప్పుడందరూ డీజేలు పెట్టుకుంటున్నారు. బాగానే ఉంటున్నాయి.

మా తోడల్లుడు వీరభద్రరావుని అడిగానని చెప్పు.

నీ బావ,
బుల్లబ్బాయి


లాస్‌పేట, పుదుచ్చేరి
జూన్ మూడోవారం

ఉన్నట్టుండి కలం పట్టిన బావగారికి, మరదలు పద్మావతి నమస్కారాలు.

నీ అక్షరాలు చూసి పోస్టుమాన్ తమిళమా తెలుగా అని అడిగాడు. చదవగలిగితే చెప్తానన్నాను. మీ తోడల్లుడు కళ్ళజోడు తుడుచుకుని మరీ ప్రయత్నించి, "మందుల చీటీలా ఉందే" అని నాకిచ్చేశాడు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, డీజే బాగుంటుందన్న మాట నీ నోటివెంటే వచ్చిందా బావా? నాలుగేళ్ళ కిందట పెదబాబు కూతురి పెళ్ళిలో డీజే కుర్రాడి వైరు పీకి జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళిపోయిన బుల్లబ్బాయి నువ్వు కాదూ? చోద్యం కాకపోతే!

సాయిదివ్య మొన్న నన్నడిగింది. "అమ్మమ్మా, ఆ పాత ఇంగ్లీషు రాక్ పాటకి మీరందరూ ఎందుకలా పడిచస్తారు? ఒక్క మాటైనా అర్థమవుతుందా?" అని. నాకూ మీ తాతకీ ఒకరి మాట ఒకరికి అర్థమయ్యే ఇన్నేళ్ళు కాపురం చేశామా అన్నాను. తర్వాత కూర్చోబెట్టి అంతా చెప్పాను. మీ గిటారు ఆంథోనీ వాళ్ళ నాన్న ఫ్రెంచి సైన్యంలోంచి పింఛనుతో తిరిగొస్తూ ఆ రికార్డు తేవడం, దాన్ని వాళ్ళ మేక తొక్కడం, గీతపడ్డ చోట ముల్లు గెంతడం, మీ ఆర్కెస్ట్రా వాళ్ళు అదే పాటనుకుని గెంతుతో సహా నేర్చేసుకోవడం, ఆ గెంతు పడ్డచోట జనమంతా ఎగరడం. విని పొట్టచెక్కలయ్యేలా నవ్వింది.

నా పెళ్ళి సంగతి చెప్పేసరికి మాత్రం నవ్వు ఆపేసింది. వంతెన లేని రోజులు. పసుపుబట్టలతో నన్ను లాంచీ ఎక్కించారు, ఇంజను స్టార్టవదు. అపశకునమని మా అత్తగారు మొహం ముడుచుకుంది. అప్పుడు నువ్వు రేవు గట్టు మీద డ్రమ్ములు పెట్టించి, డుగ్గుడుగ్గుడుగ్గుమని ఆ పాట అందుకున్నావు. అయిపోతే మళ్ళీ మొదలు, అయిపోతే మళ్ళీ మొదలు. ఓసారి సరిగ్గా గెంతు దగ్గర, జనమంతా ఎగిరి దూకిన క్షణాన, ఇంజను అందుకుంది. అప్పటి నుంచే కదా మన వీధి ఆడపిల్ల ఎవరు గోదారి దాటినా రేవు దగ్గర లాంచీ పాట పడాల్సిందే అన్నది. లాంచీలు పోయి వంతెనొచ్చినా, కార్లాపి మరీ వాయిస్తున్నాం.

పిల్ల వెంటనే ఫోన్లో అసలు పాట వెతికి పెట్టింది. ఏ గీతా లేని పాట. గెంతు వస్తుందని మీ తోడల్లుడు కాఫీ గ్లాసుతో లేచి ఎగిరాడు. పాటేమో సాఫీగా వెళ్ళిపోయింది. కాఫీ అంతా సోఫా మీద. ఇదీ నీ డీజే భాగోతం. డీజే దగ్గర ఉండేది ఆ పాటే, మన పాట కాదు.

కాబట్టి వేషాలు మాని స్టిక్కులు దుమ్ము దులుపుకో. శ్రావణంలో పెళ్ళి. నువ్వు వాయించకపోతే నా మనవరాలు కారెక్కదు.

పద్మ


కనకాలపేట
జూలై మొదట్లో

సోఫా పాడైనందుకు విచారిస్తూ, బావ రాసేది.

వీరభద్రరావు ఎగిరాడంటే నమ్మశక్యంగా లేదు. పెళ్ళినాడు కూడా ఎగరలేదు మానవుడు.

వాయించడానికి నాకేం అభ్యంతరమే పద్మా. కాకపోతే నాలుగు అడ్డంకులున్నాయి. పెద్ద డ్రమ్ము చర్మం ఎలక కొట్టేసింది. నా కుడి భుజం పైకి లేవడం లేదు. ఆంథోనీకి షుగరు పెరిగి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, గిటారు పట్టుకోలేడు. వంతెన మొదట్లో బళ్ళు ఆపడానికి పోలీసులు ఒప్పుకోవడం లేదట. ఇన్ని చిక్కుల్లో పసిదాని పెళ్ళి ఎందుకు ఇరికించడం?

నా మాట విని కాకినాడ నుంచి ఎవరైనా మంచి బృందాన్ని మాట్లాడుకోండి. మీ అక్క పులస దొరికిందన్న ఆనందంలో ఉంది. నువ్వొచ్చేసరికి ఒకటి దాచమన్నాను. దాచడానికి అదేం నగా అంది.

నీ బావ


లాస్‌పేట
జూలై మధ్యలో

బావా,

ఈ ఉత్తరంలో ఎటకారాలు తక్కువ. గమనించు.

ఆంథోనీ అన్నకి ఫోను చేశాను. షుగరూ లేదు గిటారూ ఆపలేదు. డ్రమ్ము చర్మం మొన్ననే మార్పించావట. ఆ భుజం సంగతి అక్కనడిగితే, నిన్ననే నిచ్చెనెక్కి కొబ్బరికాయలు దింపావని చెప్పింది. ఇక పోలీసులంటావా, వంతెన దగ్గర డ్యూటీలో ఉండే కుర్రాడు చైతన్యకి స్నేహితుడు. చైతన్య అంటే మా పెళ్ళికొడుకే. వాడు కూడా పాట కోసం ఎదురుచూస్తున్నాడట.

నాలుగు అబద్ధాలకి నాలుగూ తేలిపోయాయి. ఎందుకాడావా అని రెండు రోజులు ఆలోచించాను. ఫిబ్రవరిలో నేనొచ్చినప్పుడు వెనక నుంచి పిలిస్తే నువ్వు తిరగలేదు. పొగరనుకున్నాను. కుక్కరు నీ పక్కనే కూతలు పెడుతుంటే పేపరు తిప్పుకుంటూ కూర్చున్నావు. అక్క మీద కోపమనుకున్నాను. ఫోన్లో నేనేం చెప్పినా "ఆఁ ఆఁ, అలాగే" అని పెట్టేస్తున్నావు. మొదటి రింగుకే ఎత్తి ముప్పావుగంట నన్ను ఏడిపించే మనిషివి, ఉత్తరాలు రాయమన్నావు.

బావా, నీకు వినపడ్డం లేదు కదూ?

పద్మ


కనకాలపేట
జూలై చివర

పద్మా,

లేదు.

ఏడాదిన్నర అయింది. మొదట పిచ్చుకలు ఆగిపోయాయనుకున్నాను. తర్వాత చర్చి గంట. ఇప్పుడు ఎదురుగా నిలబడి అరిస్తే ఏదో గొణిగినట్టు తెలుస్తుంది, మాట తెలియదు. పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. మీ అక్క నలభై ఏళ్ళుగా ఈయన వినిపించుకోడు అనే అంటోంది కాబట్టి ఆవిడకి తేడా తెలియలేదు. ఆ మాత్రం లాభం ఉంది నాకు.

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే చెవిలో మిషన్ పెడతాడు, పెడితే ఆర్కెస్ట్రా వాళ్ళు చూస్తారు. చెవిటి డ్రమ్మర్‌ని ఎవరుంచుకుంటారే? పెద్దాయన కదా అని మర్యాదగా ఓ శాలువా కప్పి, స్టిక్కులు తీసుకుని ఇంకెవరికో ఇస్తారు. ఆ శాలువా తలుచుకుంటేనే నాకు చెమటలు పడుతున్నాయి.

లాంచీ పాట నాకు లోపల మోగుతూనే ఉంటుంది. పళ్ళు తోముకుంటున్నా మోగుతుంది. కానీ లోపల మోగేదీ బయట వాళ్ళు వాయించేదీ ఒకటేనో కాదో నాకెలా తెలుస్తుంది? నేనక్కడ గెంతితే వాళ్ళింకా ఇక్కడే ఉంటే? దివ్య కారెక్కే వేళకి నేను తాళం తప్పితే, వీధి వీధంతా నవ్వితే, ఆ పిల్ల జీవితాంతం దాన్నే గుర్తుపెట్టుకుంటుంది. నీకు లాంచీ స్టార్ట్ చేసిన వాణ్ణి, నీ మనవరాలి దగ్గర నవ్వులపాలు కాలేను. భయమేస్తోంది పద్మా. ఉన్న మాట రాశాను.

అక్కకి చెప్పకు. డీజేని మాట్లాడుకోండి.

బావ


లాస్‌పేట
ఆగస్టు మొదట్లో

మా పిచ్చి బావకి,

నీ ఉత్తరం వంటింట్లో కూర్చుని చదివాను. కూర మాడింది. మీ తోడల్లుడు ఒక్క వంకా పెట్టకుండా తినేశాడు. అంటే నా మొహం ఎలా ఉందో ఊహించుకో.

ఏడ్చాను కూడా. అది అయిపోయింది. ఇక తిట్లు మొదలు. ఏడాదిన్నర ఎవరికీ చెప్పకుండా పెదాలు చూసి బతికావా? నీ దుంపతెగ! మా అక్క మొహంలోకి ఏడాదిన్నరగా అంత శ్రద్ధగా చూస్తున్నావంటే, పాపం అది ఎంత మురిసిపోయిందో! మా ఆయన లేటు వయసులో మారాడే అని నాకు ఫోన్లో చెప్పింది కూడా. ఇప్పుడు ఆ సంబరం కాస్తా ఏం కావాలి?

చెప్పేది జాగ్రత్తగా చదువు. నువ్వు ఆంథోనీ అన్నకి చెప్పు. నువ్వే చెప్పు, నేను చెప్పను. పెళ్ళి అయ్యాక చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఇక పాట సంగతి. నీ కళ్ళు బాగానే ఉన్నాయి కదా? నేను నీకెదురుగా నిలబడతాను. గెంతు ఎక్కడొస్తుందో నాకు నిద్రలో లేపినా తెలుసు. నేనెప్పుడు ఎగిరితే అప్పుడు కొట్టు. మోకాలికి పట్టీ వేసుకునైనా ఎగురుతాను. నా పెళ్ళికి నువ్వు లాంచీని కదిలించావు. ఈ ఒక్క పూటకి నేను నిన్ను కదిలించలేనా?

డీజే మాట ఇంకోసారి ఎత్తితే ఆ పీకిన వైరు నీ జేబులోనే ఉందని పెదబాబుతో చెప్పేస్తాను.

పద్మ


కనకాలపేట
శ్రావణం, పెళ్ళి ముందు వారం

మోకాలి పట్టీ మరదలికి,

చెప్పేశాను. రేవు దగ్గర అరుగు మీద కూర్చోబెట్టి, ఆంథోనీ నాకు వినపడ్డం లేదురా అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, పెదాలు నాకు కనపడేలా, ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు.

"మాకు తెల్దేంటి బుల్లబ్బాయ్. పోయినేడు చర్చి పండక్కి పాట అయిపోయాక కూడా నువ్వు వాయిస్తానే ఉన్నావు. మేం మళ్ళీ అందుకున్నాం. నువ్వు ఆపాకే ఆపాం."

ఏడాదిగా వాళ్ళంతా నా చేతులు చూసి వాయిస్తున్నారట. నేను ఎక్కడుంటే అక్కడికి వచ్చేస్తున్నారట. ఒక్కడూ నా దగ్గర ఎత్తలేదు. మరి శాలువా సంగతేమిట్రా అన్నాను. శాలువా కొనడానికి ఎవడి దగ్గర డబ్బులున్నాయి అన్నాడు వెధవ. ఇద్దరం నవ్వాం. వాడు కళ్ళు తుడుచుకున్నాడు. నేను గోదారి వైపు చూశాను.

మీ అక్కకీ చెప్పాను. ఆ తర్వాత చాలాసేపు ఏదో మాట్లాడింది. మొహం తిప్పుకుని మాట్లాడింది కాబట్టి ఒక్క ముక్క తెలియలేదు. ఇప్పుడు ఏదైనా చెప్పాలంటే నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంటోంది. ఈ వయసులో సిగ్గుగా ఉంది పద్మా, వీధిలో వాళ్ళు చూస్తున్నారు.

రోజూ వాయిస్తున్నాం. చెప్పులు విప్పి చెక్కబల్ల మీద కాళ్ళు ఆనిస్తే పెద్ద డ్రమ్ము పాదాల్లోంచి కొద్దిగా తెలుస్తోంది. మిగిలింది నీ ఎగురుడు. మొన్న ఆంథోనీ నీ బదులు ఎదురుగా నిలబడి ఎగిరి, నడుం పట్టేసి మంచం ఎక్కాడు. గిటారు పట్టుకునే వేళకి లేస్తాడులే.

నువ్వు మాత్రం జాగ్రత్త. అసలు గెంతు దగ్గరే ఎగురు.

బావ


లాస్‌పేట
భాద్రపదం

చెవిటి మహారాజు బావగారికి, నీ మరదలు రాసేది.

క్షేమంగా చేరాం. పులస పులుసు కుండతో సహా రైలెక్కింది. ఎస్-ఫోర్ బోగీ అంతా మా వైపే చూసింది.

పెళ్ళిలో హడావిడిగా బయల్దేరి నీతో ఒక సంగతి చెప్పలేదు. చెప్పలేదంటే, చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఇప్పుడు కాగితం అడ్డం పెట్టుకుని చెప్తున్నాను. నువ్వన్నట్టు కాగితం మంచిదే.

రేవు దగ్గర ఎండ ఎర్రబడుతోంది. కార్లాగాయి. నువ్వు చెప్పులు విప్పి బల్ల మీద కాళ్ళు పెట్టావు. ఆంథోనీ అన్న తలూపాడు. డుగ్గుడుగ్గుడుగ్గుమని నువ్వు మొదలుపెట్టగానే, నిజం చెప్తున్నాను, నాకు లాంచీ వాసన కొట్టింది. డీజిలూ, గోదారి బురదా, నా తలలో మల్లెపూలూ. నేను నీకెదురుగా నిలబడి లెక్కగా వింటున్నాను. నువ్వు నా వైపే కన్నార్పకుండా చూస్తున్నావు. అంత సేపు నన్ను నువ్వు ఎప్పుడూ చూడలేదు, అక్క చూస్తే ఏమనుకుంటుందో అని నవ్వొచ్చింది కూడా.

ఇంతలో సాయిదివ్య కారు డోరు తీసుకుని పరిగెత్తుకొచ్చి, వెనక నుంచి నన్ను గట్టిగా వాటేసుకుంది. నేను ఉలిక్కిపడి ఎగిరాను. గెంతు రావడానికి ఇంకా ఒక చరణం ఉంది బావా! నువ్వు చూశావు. కొట్టేశావు.

నా పై ప్రాణం పైనే పోయింది. అయిపోయింది, నా చేతులారా నిన్ను నవ్వులపాలు చేశాననుకున్నాను. కానీ ఆంథోనీ అన్న నీ చేయి చూశాడు. కళ్ళు మూసి తెరిచేంతలో గిటారు నీతోపాటు గెంతింది. తక్కినవాళ్ళూ గెంతారు. వీధంతా ఒక్క క్షణం తెల్లబోయి చూసి, వెంటనే ఎగిరింది. మా వియ్యంకుడు కండువా జారిపోతున్నా ఎగిరాడు. నువ్వేమో దర్జాగా వాయించుకుంటూ పోయి, మామూలు చోట నేను మళ్ళీ ఎగరగానే ఇంకోటి కొట్టావు. ఎవరూ నవ్వలేదు బావా. దివ్య నా మెడ పట్టుకుని ఏడుస్తూ రెండుసార్లూ నాతోపాటు ఎగిరింది. కారెక్కాక కూడా వెనక అద్దంలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది.

అంటే నువ్వు తాళం తప్పావు. తప్పించింది నేను. బ్రహ్మాండంగా వాయించావని ఆ రోజు నేనన్నది మాత్రం అబద్ధం కాదు.

తిట్టాలనుంటే ఉత్తరంలోనే తిట్టు. డాక్టరు దగ్గరికి వెళ్ళావా?

పద్మ


కనకాలపేట, యానాం
కార్తీకం

పాటలు పాడుచేసే మరదలికి,

నీ ఉత్తరం చదివి మీ అక్కకి చూపించాను. నవ్వీ నవ్వీ దానికి పొలమారింది. ఆ రోజే నాకు అనుమానమొచ్చింది, ఆంథోనీ మొహం అలా పెట్టాడేమిట్రా అని. అడిగితే, నీకు నడుం నొప్పి ఉంటే నీ మొహం కూడా అలాగే ఉంటుందన్నాడు.

కాకినాడ వెళ్ళాను. రెండు చెవులకీ మిషన్లు పెట్టారు. వినపడుతోంది గానీ, పూర్వంలా కాదు. పిచ్చుకలు రేకు మీద గులకరాళ్ళు పోసినట్టున్నాయి. మీ అక్క గొంతు మాత్రం మారలేదు. అది మిషన్ లేకుండా కూడా అలాగే ఉండేదని ఇప్పుడు గుర్తొచ్చింది. ఎవరూ శాలువా కప్పలేదు.

దివ్య ఫోన్లో పంపిన అసలు పాట విన్నాను. ఆ విదేశీ ఆసామి ఎవరో గొంతు చించుకుని బాగానే పాడాడు. గిటారు కూడా మంచి పనితనమే. కానీ మొదట్నుంచి చివరిదాకా ఎక్కడా గెంతు లేదే! అంత పేరున్న పాట, ఒక్కచోటైనా గెంతకుండా వెళ్ళిపోయింది. పాపం, వాళ్ళకి గోదారి దాటించాల్సిన ఆడపిల్లలు లేరు కాబోలు.

నిన్న సాయంత్రం ఆంథోనీ పక్కింటి పిల్ల శిరీషని అమలాపురం అత్తారింటికి పంపించాం. చెవుల్లో మిషన్లతో కూర్చున్నాను. ఈసారి నా ఎదురుగా ఎవర్నీ నిలబెట్టుకోలేదు. పాట మొదలైంది. అసలు గెంతుకి ఒక చరణం ముందే, నేను కొట్టకుండానే, మన ఆర్కెస్ట్రా కుర్రాళ్ళు గెంతారు. వీధంతా ఎగిరింది. ఇదేమిట్రా అని తర్వాత అడిగితే, "ఇప్పుడు రెండు గెంతులు కదా తాతా, మొదటిది పద్మమ్మ గెంతు" అన్నారు. ఆ శిరీష కూడా అది పడేదాకా కారెక్కనని కూర్చుందట.

నేను ఏడాదిన్నరగా అంతగా ఎదురుచూసింది పాట కాదే పద్మా. అది లోపల ఎప్పుడూ ఉంది. ఎగిరిన జనమంతా కిందికి దిగేటప్పుడు, అన్ని చెప్పులూ ఒక్కసారే నేలని కొట్టే చప్పుడు. నిన్న అది విన్నాను. రెండుసార్లు విన్నాను. అందులో ఒకటి నువ్విచ్చింది.

ఫోను చెయ్యొచ్చా అని అడుగుతావు. చెయ్యి, మొదటి రింగుకే ఎత్తుతాను. ఉత్తరాలు మాత్రం ఆపకు. ఫోన్లో నువ్వు ఏడిచినా ఏడవలేదనే చెప్తావు.

నీ బావ,
బుల్లబ్బాయి

మళ్ళీ: పెదబాబుకి వైరు తిరిగిచ్చేశాను. ఇంక దేనితో బెదిరిస్తావో ఆలోచించుకో.